స్టీల్ గిటారుకు నోరిచ్చే పెడల్

వా-వా పెడల్‌ను ఎంచుకునే ముందు వాద్యకారుడు తన చెవినీ, పాదాన్నీ, ఆసనాన్నీ సంప్రదించాలి

పెదవులను గుండ్రంగా ముడిచి 'ఊ' అనండి. స్వరస్థాయిని మార్చకుండా నోటిని మెల్లగా తెరుస్తూ 'ఆ' వరకు రండి. నడుమ 'వా' అనే ధ్వని తనంత తానే పుడుతుంది. ఈ క్రియలో శ్రుతి మారలేదు, కంఠంలోని నాదతంత్రుల కదలిక కూడా మారలేదు. మారినది నోటి ఆకృతి ఒక్కటే. ఆ ఆకృతి కొన్ని పౌనఃపున్యాలకు బలమిచ్చి, మరికొన్నింటిని అణచివేసింది. మన భాషలోని అచ్చులన్నీ ఇలా పుట్టినవే.

మోర్సింగు వాయించే విద్వాంసుడు చేసేదీ ఇదే. ఇనుప నాలుక ఒకే శ్రుతిలో కంపిస్తూ ఉంటుంది. దానిచేత మాటలవంటి ధ్వనులను పలికించేది ఆయన నోరు. ఘటవాద్యకారుడు కుండ మూతిని ఉదరానికి ఆనించి, ఎడంచేసి నాదానికి రంగు మార్చడంలోనూ కొంతవరకు ఇదే సూత్రమున్నది.

ఎలక్ట్రిక్ గిటారుకు నోరు లేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన పరికరమే వా-వా పెడల్. కుట్టుమిషను తొక్కుడు పలకవలె పాదం కింద ఊగే ఈ చిన్న లోహపు పెట్టెను గిటారుకూ యాంప్లిఫయరుకూ నడుమ కలుపుతారు. మడమ నొక్కితే నాదం 'ఊ' వైపు మూసుకుంటుంది. మునివేళ్ళు నొక్కితే 'ఆ' వైపు తెరుచుకుంటుంది. మామూలు గిటారు వాయించేవారు ఇందులో దేనిని కొన్నా కొంతకాలానికి సర్దుకుపోగలరు. స్టీల్ గిటారు వారి సంగతి వేరు. తగని పెడల్ కొంటే ధనం వృథా కావడంతో పోదు, శ్రుతికే ముప్పు వస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ వాద్యాన్ని గురించి కొంత చెప్పుకోవాలి.

మెట్లను వీడిన వాద్యం

స్టీల్ గిటారులో తీగలను మెట్లకు అదిమిపెట్టరు. ఎడమచేతిలోని నున్నని ఉక్కు కమ్మీని తీగలమీద జారుస్తూ, కుడిచేతి వేళ్ళతో మీటుతారు. మనకిది కొత్త ఊహ కాదు. మెట్లు లేని గోటువాద్యంపై కొయ్యను జార్చి రాగాన్ని ఆలపించే సంప్రదాయం దక్షిణాదిన ఉన్నది. ఉత్తరాదిన విచిత్రవీణ ఉన్నది. అయితే గిటారును ఒడిలో పరుండబెట్టి ఉక్కును జార్చే పద్ధతి హవాయి దీవులలో 19వ శతాబ్దం చివర రూపొందినది. ఓఆహు ద్వీపానికి చెందిన జోసెఫ్ కెకుకును దాని ఆద్యునిగా పేర్కొంటారు. 1904లో ఆయన అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్ళి ఆ విద్యను ప్రచారం చేశాడు.

అమెరికాను ఆకర్షించిన ఆ నాదం కోసమే ఎలక్ట్రిక్ గిటారు పుట్టిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1930ల తొలి సంవత్సరాలలో జార్జ్ బోషాం రూపకల్పనతో రికెన్‌బాకర్ సంస్థ తయారుచేసిన తొలి ఎలక్ట్రిక్ గిటారు, ఒడిలో పెట్టుకొని వాయించే స్టీల్ గిటారే. గుండ్రని చిన్న దేహమూ, పొడవైన మెడా ఉండడంవల్ల దానికి 'ఫ్రయింగ్ పాన్', అంటే వేపుడు పెనం, అనే ముద్దుపేరు వచ్చింది.

మన దేశానికి ఈ వాద్యం సంచార హవాయి బృందాలతో వచ్చింది. వారిలో ముఖ్యుడు టావ్ మో. ఆయన కుటుంబం 1940లలో కొన్నేళ్ళు కలకత్తాలో నివసించి ఎందరికో ఈ విద్యను పరిచయం చేసింది. బెంగాలీ ఇళ్ళలో హవాయి గిటారు హార్మోనియంతో పోటీపడే స్థితికి చేరింది. కాజీ నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ, ఆ తరువాత సునీల్ గంగూలీ గ్రామఫోను రికార్డుల ద్వారా ఇంటింటికీ తెలిసినవారయ్యారు. బొంబాయిలో వాన్ షిప్లీ, హజారా సింగ్ వంటివారు హిందీ చలనచిత్ర గీతాలను ఎలక్ట్రిక్ గిటారుపై వినిపించారు. గాయకుడు లేకుండానే పాటలోని మాటలు మనసులో మెదలడం ఆ రికార్డుల ఆకర్షణ.

మరొక మార్గం రాగసంగీతానిది. 1937లో జోధ్‌పూర్‌లో జన్మించి, అహమ్మదాబాదులో స్థిరపడిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ వద్ద శిక్షణ పొంది గిటారుకు హిందుస్తానీ కచేరీలో స్థానం సంపాదించాడు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన వాయించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు దేశవిదేశాలలో ఆదరణ పొందింది. 2018లో కాబ్రా కన్నుమూసేనాటికి ఆ మార్గం విశాలమైనది. విశ్వమోహన్ భట్ తన మోహనవీణతో, అమెరికన్ వాద్యకారుడు రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో గ్రామీ పురస్కారం లభించింది.

ముంబయికీ అహమ్మదాబాదుకూ నడుమ

ముంబయి నుండి అహమ్మదాబాదుకు పోయే రైలుమార్గంలో, సూరత్ దాటాక భరూచ్‌కు ముందు కిమ్ అనే చిన్న పట్టణం వస్తుంది. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు నేతకుటుంబాలకు ఈ ప్రాంతం పరిచితమే. అటువంటి ఊరిలో ఒక స్టీల్ గిటారు వాద్యకారుడున్నాడని అనుకుందాం. ఒకవైపు ముంబయి చిత్రగీతాల బాణీ, మరొకవైపు అహమ్మదాబాదు రాగాలాపన అతనిని ఆకర్షిస్తున్నవి. వా-వా పెడల్ కొనాలన్న కోరిక కలిగినది. ఊళ్ళో వాయించి చూసే దుకాణం లేదు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో దూరంనుండి తెప్పించుకోవాలి. తప్పుడు ఎంపికను భరించే స్తోమత లేదు.

దేశంలో అనేకమంది వాద్యకారుల స్థితి ఇదే. అందువల్ల ఏ కంపెనీ పెడల్ గొప్పది అనే ప్రశ్నకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: వాయించేటప్పుడు మీరు ఎలా కూర్చుంటారు? చిత్రగీతాలు వాయించేవారు సామాన్యంగా కుర్చీలో కూర్చుంటారు. వారి పాదాలు నేలమీద ఉంటాయి. కాబ్రా మార్గంలోని వారు వేదికపై బాసింపట్టు వేసుకొని గిటారును ఒడిలో పెట్టుకుంటారు. వారికి తొక్కడానికి పాదమే ఖాళీ లేదు. మొదటివారికి పనికివచ్చే సలహా రెండవవారికి పనికిరాదు.

పెడల్ కంటే పాతది కోరిక

నాదంచేత అచ్చులను పలికించాలన్న తపన పెడల్‌తో మొదలుకాలేదు. 1920లలో జాజ్ బాకావాద్యకారులు రబ్బరు డొప్పతో బాకా మూతిని మూస్తూ తెరుస్తూ 'వా వా' అనిపించారు. క్లైడ్ మెకాయ్ 1931లో రికార్డు చేసిన 'షుగర్ బ్లూస్' ఆ ధోరణికి పేరుపొందినది. స్టీల్ గిటారు వారు ఊరుకోలేదు. తీగను మీటుతూనే చిటికెనవేలితో టోను గుండీని తిప్పి అదే ధ్వనిని రాబట్టారు. 1939లో ఆల్వినో రే ఇంకా ముందుకు పోయాడు. ఆయన భార్య లూయిజ్ కింగ్ తెరవెనుక నిలిచేది. గిటారు నాదాన్ని ఒక పరికరం ఆమె కంఠంలోకి చేర్చేది. ఆమె నోటిని కదిలిస్తూ ఆ నాదానికి మాటల ఆకృతి నిచ్చేది. ప్రేక్షకులకు గిటారే మాట్లాడినట్లు తోచేది. 1964లో పీట్ డ్రేక్ గిటారు నాదాన్ని గొట్టం ద్వారా తన నోటిలోకి తెచ్చుకొని 'ఫరెవర్' అనే రికార్డుతో ప్రసిద్ధుడయ్యాడు.

ఈ వరుసలో వా-వా పెడల్ 1966లో అనుకోకుండా వచ్చి చేరింది. అమెరికాలోని థామస్ ఆర్గన్ సంస్థ వాక్స్ యాంప్లిఫయర్లలో మధ్యస్థాయి ధ్వనులను పెంచే ఒక మీటను మార్చదలచింది. బ్రాడ్ ప్లంకెట్ అనే యువ ఇంజనీరు ఆ మీట స్థానంలో తిప్పుడు గుండీని అమర్చగా, దానిని తిప్పినపుడల్లా నాదం నోరు తెరిచినట్లు వినిపించింది. ఆ వలయాన్ని ఆర్గన్ వాద్యపు పాదపెడల్‌లో ఇమిడ్చారు. 1967లో అది అంగడికి వచ్చినపుడు దానిపై బాకా విద్వాంసుడు క్లైడ్ మెకాయ్ పేరు ఉండడం గమనార్హం. దానికి 'క్రై బేబీ' అనే మరొక పేరూ స్థిరపడింది. ఆపై జిమీ హెండ్రిక్స్ వంటి గిటారిస్టులు దానిని లోకప్రసిద్ధం చేశారు.

కాలక్రమంలో స్టీల్ గిటారు సైతం తన హక్కును తిరిగి పొందినది. అమెరికాలోని కొన్ని నల్లజాతీయుల చర్చిలలో ప్రార్థనా సంగీతానికి స్టీల్ గిటారునే ప్రధాన వాద్యంగా వాడే సంప్రదాయమున్నది. అందులో ఎదిగిన రాబర్ట్ రాండాల్ఫ్ పెడల్ స్టీల్ గిటారును వా-వాతో జోడించి వాయిస్తాడు. ఆయన వాద్యం వింటే ఉపదేశకుని గొంతులోని ఆవేశం గుర్తుకు వస్తుంది.

పెట్టెలో ఏముంది?

వా-వా పెడల్‌లోని వలయం ఒక ఇరుకైన పౌనఃపున్య పట్టీని ఎన్నుకొని దానిని పెంచుతుంది. ధ్వనిపటంలో అది ఒక శిఖరంవలె కనిపిస్తుంది. పాదం కదిలినపుడు ఆ శిఖరం స్థానం మారుతుంది. సామాన్యమైన గిటారు పెడల్‌లో అది మడమవైపు సుమారు 400 హెర్ట్జుల వద్ద మొదలై, మునివేళ్ళవైపు సుమారు 2,000 హెర్ట్జుల వరకు పోతుంది. మనిషి 'ఊ' పలికినపుడు నోటిలోని మొదటి శిఖరం 300 హెర్ట్జుల ప్రాంతంలోనూ, 'ఆ' పలికినపుడు 700 ప్రాంతంలోనూ ఉంటుంది. వాటికి పైన రెండవ శిఖరం కూడా ఉంటుంది. పెడల్‌కు ఉన్నది ఒక్క శిఖరమే. అయినప్పటికీ మన చెవి దానిని నోరుగా భ్రమించడానికి అది చాలు.

ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది. మామూలు గిటారులో స్వరం మెట్టుమీద నిలిచి ఉంటుంది. పెడల్ ఒక్కటే కదులుతుంది. స్టీల్ గిటారులో కమ్మీ వల్ల స్వరమే జారుతూ ఉంటుంది. స్వరం ఒకవైపు, అచ్చు మరొకవైపు ఏకకాలంలో కదిలితే వినేవారికి నిలకడైన ఆధారం ఉండదు. నాదం తూలిపడుతున్నట్లు తోస్తుంది. గాయకులను గమనించండి. రాగంలో దీర్ఘమైన గమకాన్ని పాడేటప్పుడు వారు చాలావరకు ఒకే అకారంపై నిలుస్తారు. జారు స్వరానిదే, అచ్చు స్థిరం. పదం మారేచోట అచ్చు మారుతుంది. కనుక స్టీల్ గిటారుకు మేలైన వా-వా అంటే విస్తారంగా ఊగేది కాదు. కోరినచోట కదలకుండా నిలిపి ఉంచడానికి వీలైనది. ఇకపై చెప్పబోయే పరీక్షలన్నిటికీ ఈ ఒక్క సూత్రమే మూలం.

కుర్చీలో కూర్చునేవారికి

మొదట పాదఫలకం ఎత్తు చూడాలి. గిటారు తొడలమీద ఉన్నపుడు మునివేళ్ళను ఎత్తితే మోకాలు కదులుతుంది, దానితో గిటారూ కదులుతుంది. ఇది స్వల్ప విషయం కాదు. తీగపొడవు 57 సెంటీమీటర్లున్న గిటారులో 12వ మెట్టు దగ్గర అర్ధస్వరానికీ అర్ధస్వరానికీ నడుమ దూరం సుమారు 16 మిల్లీమీటర్లు. అంటే కమ్మీ మూడు నాలుగు మిల్లీమీటర్లు తొలగితే ఒక ప్రమాణశ్రుతి అంత తేడా వస్తుంది. శుద్ధమైన గాంధారం కోసం చెమటోడ్చిన వాద్యకారుడు దానిని పాదం చేతిలో పోగొట్టుకోరాదు గదా! అందువల్ల ఎత్తు తక్కువగా ఉండి, కొద్దిపాటి కదలికతో పనిచేసే పెడల్ మేలు. గిటారును స్టాండుపై అమర్చుకుంటే ఈ బాధ చాలావరకు తొలగుతుంది. పెడల్ కొనడానికి ముందు స్టాండు కొనవలసి రావచ్చు.

రెండవది, మీట. పాతకాలపు నమూనాలలో పెడల్‌ను పనిలోకి తేవాలంటే మునివేళ్ళతో ఫలకాన్ని చివరిదాకా బలంగా తొక్కాలి. నిలబడి వాయించేవారికి శరీరపు బరువు తోడ్పడుతుంది. కూర్చున్నవారికి ఆ సౌకర్యం లేదు. పైగా ఆ తొక్కుడుతో నాదం ఒక్కసారిగా తీక్షణమవుతుంది. పాదం ఆనగానే పనిచేసి, తీయగానే ఆగిపోయే నమూనాలున్నవి. డన్‌లప్ వారి 95క్యూ, మోర్లీ వారి మీటలేని పెడల్‌లు ఈ కోవకు చెందినవి. అయితే వీటిలో స్ప్రింగు ఫలకాన్ని వెనుకకు నెడుతూ ఉంటుంది. నడిమి స్థానంలో నిలిపి ఉంచడానికి పాదం నిరంతరం శ్రమించాలి. ఒక సౌకర్యం కోసం మరొకటి వదులుకోవలసి వచ్చే స్థలమిది. పాట నడుమ తరచుగా వాడి వదిలేసేవారికి స్ప్రింగు మేలు. ఒకే అచ్చుపై దీర్ఘంగా నిలిచేవారికి, వదిలినచోటనే నిలిచే బిగువైన ఫలకం మేలు.

మూడవది, స్వరపరిధి. ఒడి గిటారుకు విరివిగా వాడే సీ-సిక్స్త్ శ్రుతిలో పై తీగ సుమారు 330 హెర్ట్జులు పలుకుతుంది. 12వ మెట్టు వద్దకు పోతే అది 660 అవుతుంది. పెడల్‌ను మడమవైపు 400 వద్ద ఉంచి ఆ స్వరాన్ని మీటితే, శిఖరం స్వరానికి కింద ఉండిపోతుంది. 'ఊ' వినిపించదు, నాదం దుప్పటి కప్పినట్లు మూగబోతుంది. మునివేళ్ళవైపు ఇందుకు విరుద్ధమైన బాధ. ఉక్కు తీగమీద ఉక్కు కమ్మీ జారే నాదంలో పైస్థాయి ధ్వనులు అసలే మెండు. వాటిని 2,000 హెర్ట్జుల వద్ద ఇంకా పెంచితే చెవిలో సూది గుచ్చినట్లుంటుంది. కనుక పరిధిని మార్చుకొనే వీలున్న నమూనాను వెదకాలి. శిఖరపు వాడితనాన్ని తగ్గించే గుండీ ఉంటే మరీ మంచిది.  డన్‌లప్ 535క్యూ నమూనాలో ఈ రెండు సదుపాయాలూ ఉన్నవి.

నాలుగవది, వాల్యూము పెడల్‌తో సఖ్యం. స్టీల్ గిటారు వారిలో చాలామందికి వాల్యూము పెడల్ ఊపిరివంటిది. మీటిన క్షణపు కఠినత్వాన్ని దాచి, నాదం సన్నగిల్లుతున్నపుడు పెంచి, వయొలిన్ కమానువలె సాగదీస్తారు. ఒడి గిటారు వారికి రెండు పాదాలూ ఖాళీయే కనుక ఒకదానిపై వాల్యూము, మరొకదానిపై వా-వా ఉంచుకోవచ్చు. పెడల్ స్టీల్ గిటారు వారి స్థితి వేరు. అందులో ఎడమపాదం తీగల శ్రుతిని మార్చే పెడల్‌లపైనా, మోకాళ్ళు మీటలపైనా ఉంటాయి. కుడిపాదం ఒక్కటే మిగులుతుంది. వారు రెండు పెడల్‌లనూ పక్కపక్కన, సమానమైన ఎత్తులో ఉంచుకోవాలి. లేదా వాల్యూమునూ వా-వానూ ఒకే ఫలకంలో కలిపిన మోర్లీ తరహా నమూనాను తీసుకోవాలి. కాని అటువంటి దానిలో ఒకసారి ఒక పనే జరుగుతుంది. వా-వా పలుకుతున్నంతసేపూ నాదాన్ని సాగదీసే ఊపిరి ఉండదని తెలిసి కొనాలి.

అయిదవది, పాదానికి కాక చెవికి సంబంధించినది. పాత వా-వాలను ఆపివేసినప్పటికీ వాటి వలయం గిటారు సంకేతంలో కొంత భాగాన్ని లాగివేస్తూనే ఉండేది. నాదంలోని మెరుపు తగ్గేది. పనిచేయనపుడు దారినుండి పూర్తిగా తప్పుకొనే ఏర్పాటు ఇప్పటి అనేక నమూనాలలో ఉన్నది. కచేరీలో ఎక్కువ భాగం వా-వా లేకుండానే సాగుతుంది గనుక, అది లేనప్పటి నాదాన్ని కాపాడడం ముఖ్యం. అలాగే కొన్ని స్టీల్ గిటార్ల పికప్‌లు చాలా బలమైన సంకేతాన్ని పంపుతాయి. సున్నితమైన వలయం దానికి తట్టుకోలేక బొంగురుపోవచ్చు. గిటారు వాల్యూమును పూర్తిగా పెంచి, గట్టిగా మీటి చూస్తేనే ఇది తెలుస్తుంది.

నేలపై కూర్చునేవారికి

పాదం లేనిచోట పెడల్ లేదు. అటువంటివారికి విక్రేతలు సూచించేది స్వయంచాలక వా-వా. 1972లో మ్యూజిట్రానిక్స్ సంస్థ వెలువరించిన మ్యూ-ట్రాన్ 3 ఈ జాతిలో ప్రసిద్ధమైనది. స్టీవీ వండర్ 1973 నాటి 'హయ్యర్ గ్రౌండ్'లో క్లావినెట్ వాద్యం దాని ద్వారానే పలికింది. మీటు ఎంత బలంగా పడితే ఇందులో నోరు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. నాదం సన్నగిల్లినకొద్దీ మూసుకుంటుంది.

లయప్రధానమైన పాటకు ఇది చక్కగా అమరుతుంది. రాగాలాపనకు మాత్రం రెండు చిక్కులున్నవి. మొదటిది, హిందుస్తానీ బాణీలో ఒకే మీటుతో నాలుగైదు స్వరాలను జారుగా పలికిస్తారు. ఈ పరికరం స్వరాన్ని గుర్తించదు, మీటును మాత్రమే గుర్తిస్తుంది. కమ్మీ తారషడ్జం చేరేలోగా తీగ శక్తి తగ్గిపోయి నోరు మూసుకుంటుంది. పలుకు పూర్తికాకముందే పెదవులు కలిసినట్లవుతుంది. రెండవది చికారీ. ఆధారశ్రుతి తీగను మధ్యమధ్య మీటినపుడల్లా పరికరం అది కూడా ఒక స్వరమే అనుకొని బాతువలె కూస్తుంది. కొనదలచినవారు ఆ చికారీ మీటుతోనే దానిని పరీక్షించాలి. వాల్యూము పెడల్ ఏదైనా ఉంటే దానిని ఈ పరికరం తరువాతనే కలపాలి. ముందు కలిపితే మీటు బలం దీనికి తెలియక నోరు తెరవదు.

ఇన్ని చిక్కులెందుకనుకునేవారికి 1930ల నాటి ఉపాయం చెడిపోలేదు. ఎలక్ట్రిక్ గిటారు టోను గుండీని చిటికెనవేలికి అందేచోట అమర్చుకోవచ్చు. అది పెడల్‌వలె శిఖరాన్ని కల్పించదు. పైస్థాయి ధ్వనులను తగ్గించి పెంచుతుంది, అంతే. అయినా ఆ మృదువైన 'ఊ-ఆ' రాగానికి ఎబ్బెట్టుగా ఉండదు. గుండీ విడిచినచోటనే నిలుస్తుంది, గిటారు కదలదు, ఖర్చు స్వల్పం. ఈ వాద్యానికి ఉన్న వా-వాలలో ఇదే ప్రాచీనమైనది.

కొత్త పరికరం ఏదీ వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే. 1969లో పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టినది గమకానికి కావలసిన నాదదైర్ఘ్యం కోసం. 2014లో మరణించేవరకు ఆయన ప్రపంచవేదికలపై కర్ణాటక సంగీతాన్ని వినిపించాడు. విద్యుత్తును ఎంతవరకు వాడాలో సంగీతమే నిర్ణయించాలన్నదానికి ఆయన వాద్యం నిదర్శనం.

పావుగంట పరీక్ష

కిమ్ వంటి ఊరివారు పెడల్‌ను తపాలాలో తెప్పించేకంటే, ఏదో ఒక పనిమీద నగరానికి పోయినపుడు గిటారును వెంట తీసుకుపోవడం మంచిది. తన గిటారు, తన కమ్మీ, తాను కూర్చునే ఎత్తులోని కుర్చీ ఉంటే పావుగంట చాలు.

ముందుగా పెడల్‌ను కలిపి, ఆపివేసి వాయించండి. నాదం మెరుపు తగ్గిందా అని వినండి. ఆపై పనిలోకి తెచ్చి, ఫలకాన్ని నడుమ నిలిపి, పాదం కదపకుండా ఒక దీర్ఘమైన జారు వాయించండి. మూడవ పరీక్షగా కమ్మీని ఒకే స్వరంపై నిలిపి పెడల్‌ను మాత్రం మెల్లగా మడమనుండి మునివేళ్ళదాకా నడపండి. శ్రుతి వణికితే గిటారు కదులుతున్నదని అర్థం. గరగర వినిపిస్తే లోపలి నిరోధకం అరిగినది. పాతది కొనేవారు ఇది తప్పక గమనించాలి. మోర్లీ పెడల్‌లలో నిరోధకానికి బదులు కాంతినీ, కాంతిని గుర్తించే పరికరాన్నీ వాడుతారు కనుక ఈ బాధ ఉండదు. చివరగా 12వ మెట్టుకు పైన పై తీగను మీటి, రెండు కొసలలోనూ వినండి. చెవి ముడుచుకుంటే ఆ పెడల్ మీది కాదు.

ఇంటికి వచ్చాక మరి రెండు జాగ్రత్తలు. చాలా వా-వాలలో తీగచుట్ట ఒకటి ఉంటుంది. అది సమీపంలోని ట్రాన్స్‌ఫార్మర్ల నుండి, అడాప్టర్ల నుండి గుయ్యిమనే రొదను గ్రహిస్తుంది. మోటార్లు, మరమగ్గాలు నడిచే వీధులలో విద్యుత్తులోని రొద కూడా తోడవవచ్చు. పెడల్‌ను అడాప్టరుకు దూరంగా జరపండి. పక్కకు తిప్పి చూడండి. ఇంటి ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. 9 వోల్టుల బ్యాటరీతో నడిపితే అడాప్టరు రొద ఉండదు. కాని గిటారు తాడు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతుంది కనుక సాధన ముగియగానే తాడు తీయాలి. అడాప్టరు వాడేవారు దాని ధనధ్రువం, రుణధ్రువం పెడల్‌పై ముద్రించిన గుర్తుతో సరిపోలుతున్నవా అని చూడాలి.

తాళ్ళను తారుమారు చేస్తే ఏమవుతుందో పింక్ ఫ్లాయిడ్ బృందపు 1971 నాటి 'ఎకోస్'లో వినవచ్చు. గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వా-వాను తలకిందులుగా కలపగా వచ్చిన పక్షి కేకలవంటి ధ్వనిని ఆయన పాటలో భాగం చేశాడు. ఇంట్లో అటువంటి కేక పుడితే పెడల్ చెడిపోయిందని బెంగపడక, ముందు తాళ్ళు మార్చి చూడండి.

ముందు నోరు, తరువాత పెడల్

ధనం చెల్లించడానికి ముందు చేయవలసిన పని ఇంకొకటున్నది. దానికి ఏ దుకాణమూ అవసరం లేదు. మీరు గిటారుపై తరచుగా వాయించే పాటలలో ఒకదానిని తీసుకొని, మాటలు లేకుండా నోటితో పాడండి. ఎక్కడ మీ నోరు తనంత తాను ఊకారంనుండి అకారానికి తెరుచుకున్నదో, ఎక్కడ మూసుకున్నదో కాగితంపై గుర్తు పెట్టుకోండి. పెడల్ కదలవలసిన చోట్లు అవే. మిగిలినచోట పాదం నిశ్చలంగా ఉండాలి.

గుర్తులు నాలుగైదు వచ్చినవారికి మంచి వా-వా కొత్త భావాన్ని పలికిస్తుంది. అడుగడుగునా గుర్తులు పెట్టినవారు పాటను మరొకసారి మెల్లగా పాడి, అందులో ఎన్ని నిజంగా అవసరమో చూసుకోవాలి. ఒక్క గుర్తూ రానివారు ప్రస్తుతానికి ఆ సొమ్మును దాచుకొని, నున్నని మంచి కమ్మీని, కొత్త తీగలను కొనుక్కోవడం మేలు. స్టీల్ గిటారుకు మొదటి గొంతు వాటినుండే వస్తుంది.